రొమ్మెల్ పెట్టని సంతకం: నా ఉత్తరాల ఫైలు డైరీ

నవంబర్ 9, శనివారం

రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ సైన్యాధికారుల ఉత్తరాలు, సంతకాలు పోగుచేసే ప్రాజెక్టు ఈ రోజు మొదలైనట్టే లెక్క. స్టుట్‌గార్ట్‌లోని కార్ల్స్‌ప్లాట్జ్‌లో ప్రతి శనివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. ఇత్తడి గిన్నెలు, ఆగిపోయిన గడియారాలు, ఎవరివో తెలియని పెళ్లి ఆల్బమ్‌లు అన్నీ దొరుకుతాయి. ఒక బల్ల కింద చెప్పుల అట్టపెట్టె నిండా ఉత్తరాలు. వంగి వంగి వెతుకుతుంటే టైపు చేసిన ఒక చిన్న కాగితం దొరికింది. నాలుగే వాక్యాలు, పుట్టినరోజు శుభాకాంక్షలకు ధన్యవాదాలు. కింద నీలం ఇంకులో సంతకం: డోనిట్జ్. బేరమాడితే 70 యూరోలకు ఇచ్చాడు.

కార్ల్ డోనిట్జ్ అంటే హిట్లర్ జలాంతర్గాముల దళాన్ని నడిపినవాడు. 1943 జనవరి నుంచి మొత్తం నౌకాదళానికే అధిపతి. హిట్లర్ చచ్చాక మూడు వారాలపాటు జర్మనీ అధ్యక్షుడు. న్యూరెంబర్గ్ యుద్ధనేరాల విచారణలో పదేళ్ల శిక్ష పడింది. 1956 అక్టోబర్ 1న స్పాండౌ జైలు నుంచి బయటికొచ్చి, హాంబర్గ్ దగ్గర ఔమ్యూలె అనే ఊళ్లో 1980 దాకా బతికాడు. రాసినవాళ్లకి ఓపిగ్గా జవాబులు రాసేవాడు, అందుకే ఆయన సంతకం అంత అరుదైనదేం కాదు. నా కాగితం కూడా ఆ రిటైర్‌మెంట్ రోజులదే.

ఇంటికొచ్చి చూపిస్తే మా ఆవిడ అడిగింది: "చచ్చినోళ్ల ఉత్తరాలకి డబ్బులా? అందులోనూ వీడివా?"

రెండో ప్రశ్న సరైనదే. జవాబు ఇంకా తయారు కాలేదు.

నవంబర్ 12

జవాబు కాకపోయినా, ఈ పిచ్చి ఎలా పట్టిందో రాసిపెట్టుకుంటాను. మా హైదరాబాద్ వాడు ఆబిద్ హసన్ బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదువుతుండగా సుభాష్ చంద్రబోస్‌కి సహాయకుడయ్యాడు. 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవులో బోస్‌తో పాటు యూ-180 అనే జలాంతర్గామి ఎక్కాడు. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో ఇద్దరూ రబ్బరు పడవ మీద జపాన్ వాళ్ల ఐ-29లోకి మారారు. ఇదంతా చిన్నప్పుడే విన్నాను. జర్మనీ వచ్చాక మాత్రం వేరే కుతూహలం మొదలైంది. ఆ యూ-180ని నడిపిన కెప్టెన్ ఎవరు? వెర్నర్ ముజెన్‌బెర్గ్. ఆయన చేతిరాత ఎలా ఉండేది? రెండున్నర నెలలు ఇరుకు ఇనప డబ్బాలో మనవాళ్లిద్దరితో గడిపిన మనిషి ఇంటికి ఏమని రాసుంటాడు?

కాబట్టి గమ్యం ముజెన్‌బెర్గ్ ఉత్తరం. అది దొరికేలోపు పని నేర్చుకోవాలి. ఆరు నెలలకి బడ్జెట్ 400 యూరోలు, అందులో 70 అప్పుడే ఖర్చు. ఎస్ఎస్, అంటే నాజీ పార్టీ సాయుధ దళం వాళ్లవి కొనను. పతకాలు, బ్యాడ్జీలు, కత్తులు అసలే వద్దు.

నవంబర్ 23

తల కొట్టేసినట్టుంది. రాయకుండా వదిలేద్దామనుకున్నాను కానీ డైరీ అన్నాక ఇది కూడా ఉండాలి.

ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర "రొమ్మెల్ సంతకంతో సైనిక ఉత్తర్వు, 1941" అని చూసి 65 యూరోలకు కొన్నాను. రొమ్మెల్ అంటే ఉత్తర ఆఫ్రికాలో హిట్లర్ సైన్యాన్ని నడిపిన పేరుమోసిన జనరల్. ఆయన సంతకం 65కి ఎందుకొస్తుందని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. చవగ్గా దొరుకుతోందంటే మనిషికి కళ్లు మూసుకుపోతాయి. కవరు విప్పి చూస్తే, కింద టైపులో "గెత్స్. రొమ్మెల్" అని ఉంది. దాని కింద ఎవరిదో గీత, దాని కింద "హాప్ట్‌మన్, అడ్జుటెంట్" అని ఇంకో టైపు ముక్క. అంటే కెప్టెన్ హోదాలో ఉన్న సహాయక అధికారి.

గెత్స్. అంటే గెత్సైఖ్‌నెట్, అంటే "సంతకం చేశారు". ఎక్కడ చేశారు? అసలు ప్రతి మీద. నా దగ్గరున్నది దాని నకలు. నకలు సరిగ్గా ఉందని ధ్రువీకరిస్తూ అడ్జుటెంట్ గిలికిన గీత అది. మన తహసీల్దారు ఆఫీసులో "ఒరిజినల్‌తో సరిచూసితిమి" అని స్టాంపు వేసి గుమాస్తా సంతకం పెడతాడే, అచ్చం అదే. ఆ గుమాస్తా సంతకాన్ని కలెక్టర్ సంతకం అని నాకు అంటగట్టారు. వాపసు అడిగితే "టైటిల్‌లో రొమ్మెల్ అని ఉంది, కాగితం మీద కూడా రొమ్మెల్ అని ఉంది కదా" అని జవాబు. మాట నిజమే, ఏం చేస్తాం.

ఇది పారేయను. ఫైల్లో మొదటి పేజీగా పెడతాను.

నవంబర్ 30

పనిముట్లు వచ్చాయి. పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్, 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి, పక్క నుంచి వెలుగు పడేలా వంగే చిన్న టేబుల్ ల్యాంపు.

రాత్రి లైట్లన్నీ ఆర్పి, డోనిట్జ్ కాగితాన్ని లూప్ కింద పెట్టాను. అచ్చువేసిన సంతకమైతే గీత మీద సన్నటి చుక్కలు కనిపిస్తాయి, లేదా ఇంకు ఒకే మందంలో చదునుగా ఉంటుంది. ఇక్కడ అలా లేదు. పాళీ కిందికి దిగినప్పుడు రెండు మొనలు విడిపోయి, గీతకి రెండు అంచుల్లో ముదురు రంగు, మధ్యలో పలచన. రెండు గీతలు అడ్డంగా దాటిన చోట ఇంకు పేరుకుని నల్లబడింది. ల్యాంపుని పక్కకి వంచితే కాగితంలో సన్నటి గాడి కూడా తెలిసింది. చేత్తో పెట్టిన సంతకమే. ఎవరి చేయి అన్నది వేరే ప్రశ్న. దానికి పోల్చుకోవడానికి నమూనాలు కావాలి, ఒకటీ రెండూ చాలవు.

పెన్ను విషయంలో తేదీ చూసుకోవాలి. 1960లలో రాసిన ఉత్తరం మీద బాల్‌పెన్ సంతకం ఉంటే పేచీ లేదు. 1942 నాటి జర్మన్ ఉత్తరం మీద బాల్‌పెన్ కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేసి టీ తాగడానికి పోవచ్చు. బాల్‌పెన్ అమెరికా బజారులోకి వచ్చిందే 1945 చివర్లో.

అల్ట్రావయొలెట్ టార్చి ఇంకా గమ్మత్తు. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు 1950ల నుంచి మామూలైపోయాయి. అవి ఉన్న కాగితం టార్చి కింద, పెళ్లి రిసెప్షన్‌లో డిస్కో లైటు పడ్డ తెల్లచొక్కాలా నీలంగా వెలుగుతుంది. యుద్ధకాలపు నాసిరకం కాగితం వెలగదు, మట్టి రంగులో మూలుగుతుంది. నా రొమ్మెల్ నకలు చీకట్లో ముద్దగా, మసగ్గా ఉంది. అంటే నకలైనా ఆ కాలపు నకలే అయ్యుండొచ్చు. కొంచెం ప్రాణం లేచొచ్చింది.

డిసెంబర్ 7

మళ్లీ సంత. ఆడాల్ఫ్ గాలాండ్ ఫొటో, సంతకంతో. యుద్ధంలో జర్మన్ ఫైటర్ విమానాల దళానికి జనరల్. "యుద్ధకాలంలో పెట్టిన సంతకం" అన్నాడు అమ్మేవాడు. జేబులోంచి టార్చి తీసి, కోటు కప్పి చూశాను. ఫొటో కాగితం వెనకవైపు ట్యూబ్‌లైటులా వెలిగింది. గాలాండ్ 1996 దాకా బతికాడు, తర్వాతి రోజుల్లో పాత ఫొటోల కొత్త ప్రింట్ల మీద బోలెడన్ని సంతకాలు పెట్టాడు. అంటే సంతకం నిజమైనదే కావచ్చు, కాలం మాత్రం అబద్ధం. వెనక్కి ఇచ్చేశాను.

కోటు కప్పుకుని వంగి ఉన్న నన్ను చూసి పక్క బల్ల ఆయన, నేను ఇండియావాడినని తెలుసుకుని, "మీ దేశంలో హిట్లర్ అంటే ఇష్టమట కదా" అన్నాడు నవ్వుతూ. లేదు అనబోయాను. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పోటీపరీక్షల గైడ్ల పక్కనే ఆ మొహం అట్టమీద ఉన్న పుస్తకాలు వరసగా పేర్చి ఉండటం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

డిసెంబర్ 15

ఈ వారం 18 యూరోలకు ఒక ఫెల్డ్‌పోస్ట్ కవరు కొన్నాను, ముఖ్యంగా చదవడం నేర్చుకోవడానికి. ఫెల్డ్‌పోస్ట్ అంటే సైనికుల తపాలా. మామూలు ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు. ఊరి పేరు ఉండదు, దళానికో అయిదంకెల నంబరు ఉంటుంది. శత్రువు చేతికి చిక్కినా ఎవరెక్కడున్నారో తెలియకూడదని ఆ ఏర్పాటు. ఇప్పుడు ఆ నంబర్ల పట్టికలు అచ్చులో ఉన్నాయి కాబట్టి దళాన్ని మనం పట్టుకోవచ్చు.

కవరు మీద దళం ముద్ర ఉంది, గద్ద, దాని గోళ్ల మధ్య స్వస్తిక్. వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. "స్వస్తికాన్ని వంకరగా వేశారేంట్రా, శుభమా అని?" అంది. మన గడప మీద ఉండేదానికీ దీనికీ తేడా చెప్పడానికి పావుగంట పట్టింది. ఇక్కడ ఈ గుర్తుని బహిరంగంగా చూపించడం శిక్షాస్మృతి 86-ఎ సెక్షన్ కింద నేరం. చరిత్ర పరిశోధనకీ, విద్యకీ మినహాయింపు ఉంది. అందుకే వేలం కేటలాగుల్లో ఆ గుర్తు మీద నల్లముక్క అతికించి ఉంటుంది, కొనేటప్పుడు ఫలానా ప్రయోజనానికే అని ఒప్పుకోవాలి. నేను తీసే ఫొటోల్లో కూడా ముద్ర మీద చిన్న కాగితం పెడుతున్నాను.

జనవరి 4

సెలవుల్లో చదువుతుంటే ఎరిక్ ఫాన్ మాన్‌స్టైన్ దగ్గర ఆగిపోయాను. మా ఆవిడ ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికిందనుకుంటా.

మాన్‌స్టైన్ ఉత్తరాలు, సంతకాలు వేలాల్లో వస్తుంటాయి. యుద్ధవ్యూహ పండితుడని పేరు, అందుకని గిరాకీ. 1941 నవంబర్ 20న, క్రిమియాలో పదకొండో సైన్యానికి సేనాధిపతిగా ఉండగా, ఆయన ఒక ఉత్తర్వు జారీ చేశాడు. యూదు బోల్షెవిక్ వ్యవస్థని శాశ్వతంగా నిర్మూలించాలి, యూదుల మీద కఠిన చర్య ఎందుకు అవసరమో సైనికుడు అర్థం చేసుకోవాలి అని అందులో ఉంది. 1946 ఆగస్టులో న్యూరెంబర్గ్‌కి సాక్షిగా వచ్చినప్పుడు ఆ కాగితాన్ని ఆయన ముందు పెట్టారు. సంతకం తనది కాదని అనలేదు. ఈ ఉత్తర్వు నా జ్ఞాపకంలో లేనే లేదు అన్నాడు.

తర్వాత 1949లో హాంబర్గ్‌లో బ్రిటిష్ సైనిక కోర్టు 18 ఏళ్లు వేసింది, దాన్ని 12కి తగ్గించారు, 1953లో విడుదలయ్యాడు. 1973 దాకా బతికాడు.

నా ఫైల్లో ఉన్న డోనిట్జ్ కాగితం ఎంత మర్యాదగా ఉందో! పుట్టినరోజు, ధన్యవాదాలు, గౌరవాలతో. రిటైరైన జనరళ్ల ఉత్తరాలన్నీ దాదాపు ఇదే బాణీ. వాళ్ల సంతకం ఒక్కటే ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తే గోడ కూడా మర్యాదగానే ఉంటుంది. కాబట్టి కొత్త నియమం: ఫైల్లో ప్రతి ఉత్తరం వెనక ఒక తెల్లకాగితం. ఈ మనిషి యుద్ధకాలంలో ఇంకా దేనిమీద సంతకం పెట్టాడో నాకు దొరికినంత దాని మీద పెన్సిల్‌తో రాయాలి. అది రాయడానికి ఓపిక లేకపోతే ఆ ఉత్తరం కొనకూడదు.

డోనిట్జ్ కాగితం వెనక మొదటి వాక్యం రాశాను: 1942 సెప్టెంబర్, లకోనియా ఉత్తర్వు. ముంచిన ఓడల్లోంచి నీళ్లలో పడ్డవాళ్లని కాపాడొద్దని జలాంతర్గాములకి ఆజ్ఞ.

మా ఆవిడకి చూపించాను. చదివి, "అయితే ఫ్రేము కట్టవు కదా" అంది. కట్టను.

జనవరి 19

ఒక వేలంలో జలాంతర్గామి అధికారుల కాగితాల కట్ట. 110 దగ్గర ఆగాను, 240కి పోయింది.

ఫిబ్రవరి 2

ముజెన్‌బెర్గ్ సంగతి. అలర్టులు పెట్టి రెండు నెలలు దాటింది, ఒక్కటీ మోగలేదు. మోగకపోవడానికి కారణం ఉందనిపిస్తోంది. వేలంలో ఖరీదు పలికేది ఎక్కువ ఓడలు ముంచినవాళ్లకి. యూ-180 ముంచింది రెండే ఓడలు. తర్వాత దాన్ని సరుకు మోసే బోటుగా మార్చారు. మొదట్లో వేగం కోసం ఆరు మెర్సిడెస్ బెంజ్ ఇంజన్లు బిగిస్తే, అవి సముద్రం మీద దూరానికి కనిపించేంత పొగ కక్కేవి. జలాంతర్గామికి పొగ! దొంగతనానికి వెళ్తూ గజ్జెలు కట్టుకున్నట్టు. 1944 ఆగస్టులో బిస్కే అఖాతంలో మునిగింది, అప్పటికి కెప్టెన్ వేరే ఆయన. కాబట్టి ముజెన్‌బెర్గ్ సంతకం కోసం ఎగబడేవాళ్లు తక్కువ, అమ్మకానికి పెట్టాలని ఎవరికీ తోచదు.

అయితే ఒక ఆశ ఉంది. 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద బాంబులు పడి సైన్యం ఆర్కైవు కాలిపోయింది, పాత ప్రష్యా సైన్యపు కాగితాలు చాలావరకు బూడిదయ్యాయి. నౌకాదళం కాగితాలు మాత్రం అప్పటికే బవేరియాలో టాంబాఖ్ కోటకి తరలించి ఉండటంతో బ్రిటిష్‌వాళ్లకి చిక్కి, తర్వాత జర్మనీకి తిరిగొచ్చాయి. ఇప్పుడు ఫ్రైబర్గ్ సైనిక ఆర్కైవులో ఉన్నాయి. జలాంతర్గాములు రోజూ రాసిన యుద్ధ డైరీలు అక్కడే. డైరీ కింద కెప్టెన్ సంతకం పెట్టాలి. కొనలేను, చూడగలను. రీడింగ్ రూమ్‌కి దరఖాస్తు పంపాను.

ఫిబ్రవరి 10

ఫైలు మార్చాను. స్టేషనరీ షాపులో కొన్న ప్లాస్టిక్ జేబుల్లో పీవీసీ ఉందని ఆలస్యంగా తెలిసింది. పీవీసీ మెల్లగా ఇంకుని పీల్చుకుంటుంది. ఇప్పుడు ఆమ్లం లేని కాగితం మడతలు, పైన పాలియెస్టర్ కవర్లు. తుప్పు పట్టిన గుండుసూది ఒకటి తీయడానికి అరగంట. లామినేషన్ చేయించమని సలహా ఇచ్చిన మిత్రుడికి దండం.

మార్చి 8

ఈ రోజుది కాస్త వివరంగా రాస్తాను.

పోయిన వారం సంతలో 12 యూరోలకు ఒక ఉత్తరం కొన్నాను. పేరున్నవాడిది కాదు. ఒక హాప్ట్‌మన్, అంటే కెప్టెన్ హోదా. రెండు పేజీలు, చేతిరాత. తేదీ 1942 మార్చి. పైన "ఓ.యు." అని ఉంది. హైదరాబాద్ వాడికి ఓ.యు. అంటే ఒకటే అర్థం. నవ్వుకుని, ఏదో ఊరి పేరు అయ్యుంటుందని మ్యాప్‌లో వెతికాను కూడా. ఊరు కాదు. ఒర్ట్స్‌ఉంటర్‌కున్ఫ్ట్, అంటే "బస చేసిన చోటు". ఊరి పేరు రాయకూడదు కాబట్టి అందరూ అలా రాసేవాళ్లు.

అంతకు మించి ఒక్క ముక్క అర్థం కాలేదు. రాత కుర్రెంట్ లిపిలో ఉంది. ఇందులో ఇ అక్షరం ఎన్‌లా ఉంటుంది, ఎన్ కూడా ఎన్‌లానే ఉంటుంది. ఊరికే సూది పళ్ల వరస. మా తాతగారి పొలం కాగితాలు గుర్తొచ్చాయి. కరణంగారి గొలుసుకట్టు రాత, చెయ్యి ఎత్తకుండా పేజీ అంతా ఒకే తీగ. అచ్చ తెలుగే, కానీ ఇంట్లో ఒక్కరూ చదవలేరు.

కింది ఫ్లోర్‌లో ఉండే మామ్మగారికి 92 ఏళ్లు. ఫ్రావ్ అని ఇంటిపేరుతో పిలుస్తాను కానీ మనసులో ఆవిడ మామ్మగారే. 1939లో బడిలో చేరినప్పుడు ఆవిడకి ఈ తరహా లిపే నేర్పారు. 1941 జనవరిలో పైనుంచి ఆజ్ఞ వచ్చి, ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి బళ్లలో లాటిన్ అక్షరాలకి మార్చేశారు. "రెండేళ్లు కష్టపడి నేర్చుకున్నాక, ఇది వద్దు మళ్లీ మొదట్నుంచి అన్నారు" అని చెప్పింది, ఇప్పటికీ కోపంగా.

కళ్లద్దాల మీద నా లూప్ పెట్టుకుని, వేలితో గీత వెంబడి నడుస్తూ చదవడం మొదలుపెట్టింది. ఉత్తరం భార్యకి. చలి తగ్గింది, బురద మొదలైంది. బూటు లేసులు రెండు జతలు పంపు, నల్లవి, పొడుగ్గా ఉండాలి. పళ్లపొడి అక్కర్లేదు, దొరుకుతోంది. పెద్దవాడి లెక్కల మార్కుల గురించి మాస్టారితో మాట్లాడావా? సైకిల్ అమ్మేయమని మీ నాన్న అన్నారట, అమ్మొద్దు, గొలుసుకి నూనె పెట్టి అటక మీద ఉంచు.

తర్వాత ఒక వాక్యం దగ్గర ఆగింది. మళ్లీ చదివింది. "ఊళ్లో యూదులు ఇప్పుడు లేరు, అందుకని దర్జీ దొరకడం కష్టంగా ఉంది" అని ఉంది. అంతే. వెంటనే తర్వాతి వాక్యం మళ్లీ బూటు లేసుల గురించే, ఎన్ని సెంటీమీటర్లు ఉండాలో.

మామ్మగారు లూప్ తీసి బల్ల మీద పెట్టింది. కాఫీ చల్లారిపోయింది. కాసేపు ఎవరం ఏమీ అనలేదు. తర్వాత ఆవిడే, "చదువుతాను, అయిపోలేదు" అంది.

ఇంకు పెన్సిల్‌తో రాసిన ఉత్తరం అది. మామూలుగా బూడిద రంగులో ఉంటుంది, తడి తగిలితే ఊదా రంగులోకి తిరుగుతుంది. రెండో పేజీ కింద, సంతకం మీదుగా, గింజంత ఊదా మచ్చ ఉంది. వాన చుక్కో, మంచో, టీ చుక్కో. కన్నీటి బొట్టు అని రాసి అమ్మేవాళ్లు 12ని 60 చేసేవాళ్లు. నేను "తడి మచ్చ, 4 మిల్లీమీటర్లు" అని మాత్రం రాసుకున్నాను.

వెనక తెల్లకాగితం పెట్టాను. దళం నంబరు దొరికితే మార్చిలో ఆ దళం ఏ ఊళ్లో ఉందో, ఆ ఊళ్లో అంతకుముందు దర్జీలు ఎవరో వెతకాలి. కవరు లేదు కాబట్టి నంబరు లేదు. ప్రస్తుతం ఆ కాగితం మీద ఒక్క మాటే ఉంది: దర్జీ.

మార్చి 15

మామ్మగారు మెట్ల మీద కనిపించి, "ఆ సైకిల్ అమ్మారా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

మార్చి 22

సంతలో అదే బల్ల దగ్గరికి వెళ్లి ఆ కుటుంబం ఉత్తరాలు ఇంకా ఉన్నాయా అని అడిగాను. ఒక ఇల్లు ఖాళీ చేసినప్పుడు పెట్టెడు వచ్చాయట, చాలావరకు విడివిడిగా అమ్మేశాడు. మిగిలినవి గరాజులో ఎక్కడో ఉండాలి, చూసి చెప్తానన్నాడు. ఫోన్ నంబరు రాసిచ్చాను. కవర్లు ఉంటే పారేయొద్దని రెండుసార్లు చెప్పాను.

ఫ్రైబర్గ్ నుంచి జవాబు వచ్చింది, రీడింగ్ రూమ్‌లో ఏప్రిల్‌లో చోటిచ్చారు. బడ్జెట్‌లో 125 యూరోలు మిగిలాయి, రైలు టికెట్ అందులోంచే.

మార్చి 29

గరాజులో ఏడు దొరికాయి. అయిదింటికి కవర్లున్నాయి, నంబరు స్పష్టంగా ఉంది. ఏడింటికీ కలిపి 50 అన్నాడు, ఇచ్చేశాను. ఫ్రైబర్గ్‌కి బస్సులో వెళ్తాను. సాయంత్రం నాలుగింటికి మామ్మగారు రమ్మంది, కేక్ చేస్తుందట. లూప్‌కి బదులు ఈసారి లైటున్న పెద్ద అద్దం తీసుకెళ్తున్నాను.